పెద్దింట్లో చిక్కుకున్న కుడిచెయ్యి

మా సంస్థలో సర్వరుకి పెద్దిల్లు అని పేరు పెట్టింది డాక్టరు గారే. ఏ దురుద్దేశంతోనూ పెట్టలేదు. రాజమండ్రిలో గోదావరి గట్టు మీద మూడంతస్తుల భవనం, కింది అంతస్తు నిండా చల్లటి గదులు, గదుల నిండా బీరువాల్లాంటి యంత్రాలు, వాటికి రాత్రింబవళ్ళు కాపలా వేరే. అలాంటిదాన్ని పెద్దిల్లు అనక ఏమంటారు? చిక్కొచ్చిపడింది నాకు. పెద్దింట్లో కాపురం చెయ్యకుండా ఎక్కడో పల్లెటూళ్ళో చిన్న పెట్టెలో విడిగా నడుస్తూ, పని పడ్డప్పుడు మాత్రం పెద్దింటి తలుపు తట్టే ప్రోగ్రాం ఒకటి రాయమన్నారు నన్ను. రాశాను. అది మొదలు క్యాంటీన్లో నేను కనబడితే చాలు, "హైమ గారూ, మీ చిన్నిల్లు ఎలా ఉంది?" అని అడగడం, అడిగి గోడవైపు తిరిగి నవ్వుకోవడం. మొగుడున్నదాన్ని, బుద్ధిగా ఉద్యోగం చేసుకునేదాన్ని, నాకు చిన్నిల్లేమిటి? ఎన్నిసార్లు కసిరినా లాభం లేకపోయింది. చివరికి నేను కూడా అలాగే అనడం మొదలుపెట్టాను.

పెద్దింట్లో ఉండేది హస్తవాసి. నవ్వకండి. కొందరు పాతితే ఎండుపుల్ల కూడా చిగురేస్తుంది, కొందరు నీళ్ళు పోస్తే తులసికోటలో తులసి కూడా తలవాలుస్తుంది. ఇది మన అమ్మమ్మలందరికీ తెలిసిన సంగతే. డాక్టర్ చెరుకువాడ నరసింహం గారు చేసిందల్లా దాన్ని కొలవడం. వాసి ఉన్న చెయ్యి ముట్టుకున్నదాని మాట వింటుందట. వేలి కొస తొక్క మెత్తదనం వింటుంది, పచ్చి వింటుంది, ఎంత నొక్కితే నొచ్చుకుంటుందో వింటుంది, విన్న క్షణంలోనే తన పట్టు మార్చుకుంటుంది. మొదట ఆ కదలికలన్నీ రికార్డు చేసి మరచేతికి నేర్పారు. మరచెయ్యి కట్టిన మొక్కల అంట్లు ఒక్కటి మిగలకుండా ఎండిపోయాయి. చెయ్యి కదలడం నేర్చుకుందిగానీ వినడం నేర్చుకోలేదు. దాంతో డాక్టరు గారు ఓ నిర్ణయానికొచ్చారు. హస్తవాసిని నకలు తియ్యలేం, అరువు తెచ్చుకోవాలంతే.

అరువిచ్చిన చెయ్యి మా వదినది. మా ఆయన గోవిందుకి అక్క, కుడుపూడి సత్యవేణి. కడియపులంక నర్సరీల్లో ఆవిడ కట్టిన అంటు పట్టకపోవడం ఎవరూ చూడలేదు. ఆ సంగతి నలుగురికీ చెప్పకుండా ఊరుకోవడం కూడా ఎవరూ చూడలేదు.

వదిన కుడి మణికట్టుకి లావుపాటి గాజులాంటి యంత్రం తొడుగుతాం. ఇంకోచోట ఇంకెవరో గ్లౌజు తొడుక్కుంటారు. ఆ గ్లౌజు ముట్టుకున్న కొమ్మ స్పర్శ పెద్దింటి మీదుగా వదిన వేళ్ళకి అందుతుంది. వదిన వేళ్ళు గాల్లో ఆడుతుంటే అక్కడ గ్లౌజులో ఉన్న వేళ్ళు అలాగే ఆడతాయి. అంతసేపూ వదిన చేతికి ఇక్కడి స్పర్శ ఉండదు. సూది గుచ్చినా తెలియదు. పనయ్యాక మెల్లగా చీమలు పాకినట్టు తిమ్మిరెక్కి మామూలైపోతుంది. దీన్ని డాక్టరు గారు వ్యాసాల్లో పేజీలకి పేజీలు రాశారు. వదిన మాత్రం "నా చెయ్యి ఊరెళ్ళిందే" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఇన్నాళ్ళూ గ్లౌజులు మా భవనంలోనే ఉండేవి. పెద్దింట్లో నడిచే ప్రోగ్రాములకి ఏ లోటూ లేదు. ఎవరి తర్వాత ఎవరు, ఎవరికి ఎంతసేపు, పనయ్యాక తలుపెవరు వెయ్యాలి, అన్నీ ఇంటివాళ్ళే చూసుకుంటారు. బయట విడిగా నడిచేదానికి ఆ భోగం ఎక్కడిది? ఇల్లెక్కడో తెలియాలి, ఏ తలుపు తట్టాలో తెలియాలి, తను ఎవరి తాలూకో చెప్పుకోవాలి, లోపల ఎవరితో పనో పేరుపెట్టి అడగాలి. పనయ్యాక తలుపు దగ్గరగా వేసి రావడం కూడా దాని బాధ్యతే.

ఆ రోజు మొదటి పరీక్ష. కోనసీమలో ముక్కామల నుంచి గన్నవరపు కాశీపతి మాస్టారు. రిటైరైన హెడ్‌మాస్టరు. పెరట్లో ఆయన భార్య కామాక్షి గారు పుట్టింటి నుంచి తెచ్చి పెంచిన మామిడిచెట్టు తుఫానుకి కూలిపోయింది. ఒక్క కొమ్మ మాత్రం ఇంకా ప్రాణంతో ఉంది. ఆ జాతి పేరేమిటో ఎవరికీ తెలియదు, ఇంట్లో అందరూ కామాక్షి మామిడి అనేవారు. ఆవిడ పోయి ఏడాదయింది. కొమ్మ కూడా పోయేలోపు అంటు కట్టించాలని మాస్టారి తాపత్రయం. ఎంతమంది చేత కట్టించినా పట్టలేదు.

తెల్లవారగానే చల్లటి పూట మొదలుపెట్టాం. తెర మీద మాస్టారు తెల్ల పంచె, తెల్ల చొక్కా, కుడిచేతికి నల్ల గ్లౌజుతో పెరట్లో నిలబడ్డారు. నేను నా చిన్నింటిని కదిపాను. అది పెద్దింటి తలుపు తట్టింది, పేరు చెప్పుకుంది, లోపలికి వెళ్ళింది. వదిన చెయ్యి ఒక్కసారి జలదరించింది.

"ఎల్లిందే, ఎల్లింది" అంది వదిన. "మేస్టారూ, కత్తి తడిగుడ్డతో తుడిచేరా?"

"తుడిచానమ్మా."

"మళ్ళీ తుడవండి."

ముప్పయ్యేళ్ళు పిల్లల చేత పలకలు తుడిపించిన మనిషి నోరెత్తకుండా మళ్ళీ తుడిచారు. వదిన కళ్ళు మూసుకుంది. గాల్లో ఆవిడ వేళ్ళు కత్తి పట్టాయి, పుల్ల చెక్కాయి, మొక్క చీల్చాయి, రెంటినీ ఒకదాన్లో ఒకటి దూర్చి చుట్టాయి. అక్కడ మాస్టారి ముసలి వేళ్ళు వణుకన్నది లేకుండా అదే పని చేశాయి. పని పూర్తయ్యేసరికి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"పట్టుద్దండి. నా చెయ్యి చెబుతోంది" అంది వదిన.

గది గదంతా చప్పట్లు. మాస్టారు గ్లౌజు చేత్తోనే దణ్ణం పెట్టారు. "ఇంత పెద్దింటికొచ్చి పని చేయించుకున్నట్టుందమ్మా. వెళ్ళొస్తాను" అని అందరికీ పేరుపేరునా చెప్పి, గ్లౌజు విప్పి పెట్టె మీద పెట్టారు. మేం మిఠాయిలు పంచుకున్నాం. "చిన్నిల్లు నిలబడిందోయ్" అని ఎవరో అరిచారు. ఈసారి నేనూ నవ్వాను.

నవ్వు చల్లారే లోపే వదిన అంది, "ఏమే మరదలా, నా చెయ్యి ఇంకా రాలేదే."

ఆవిడ చేతిలో వేడి కాఫీ గ్లాసుంది. వేళ్ళు గ్లాసుని పట్టుకునే ఉన్నాయి, కానీ ఆ వేడి ఆవిడకి తెలియడం లేదు. నేను గబుక్కున గ్లాసు లాగేసుకున్నాను. వేళ్ళ కొసలు ఎర్రగా కమిలి ఉన్నాయి. గిల్లాను. లాభం లేదు. గోరుతో గుచ్చాను. వదిన తన చేతి వంక ఎవరిదో చెయ్యిని చూసినట్టు చూసుకుంది.

పెద్దింటిని అడిగితే, ముక్కామల గ్లౌజు ఇంకా పని మీదే ఉందని చెప్పింది. గ్లౌజేమో పెట్టె మీద పడుంది. "గాజుకి కరెంటు తీసేద్దామా?" అన్నాడొకడు. డాక్టరు గారు అంత కోపంగా అరవడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత ఆయనే శాంతించి తన ఎడమచేతి చిటికెన వేలు చూపించారు. తొలినాళ్ళలో గాజు తన చేతికే తొడుక్కుని, స్పర్శ అవతల ఉండగా కుర్చీలోనే కునుకు తీశారట. లేచేసరికి అన్ని వేళ్ళూ తిరిగొచ్చాయి, చిటికెన వేలు రాలేదు. అది కదులుతుంది, వంగుతుంది, కానీ వేడీ చలీ ఎరగదు. నిద్రపోతే మెదడు, ఇంట్లోవాళ్ళందరూ వచ్చేశారనుకుని గడియ వేసేసుకుంటుందట. బయట మిగిలిపోయినది బయటే మిగిలిపోతుంది.

"కరెంటు తీసినా అంతే. వచ్చే దారే లేకుండా పోతుంది. వెళ్ళిన దారినే రావాలి. అందాకా సత్యవేణి గారు నిద్రపోకూడదు" అన్నారు.

పగటిపూట మేలుకుని ఉండటమేగా అని మీరనుకోవచ్చు. మా వదిన సంగతి మీకు తెలియదు. కోడి కూయకముందే లేచే మనిషి, మధ్యాహ్నం రెండు ముద్దలు తిన్నాక భూకంపమొచ్చినా కునుకు తియ్యక మానదు.

"ఈ చెయ్యి రాపోతే నేనేటవుతానే?" అని అడిగింది నన్ను, భవనం వెనకున్న మా క్వార్టర్సుకి చేతికున్న గాజుతోనే నడుస్తుంటే. వేళాకోళంగానే అడిగింది. కానీ సమాధానం కోసం ఆగింది. నాకు భయమేసింది. ఆవిణ్ణి ఈ పనికి ఒప్పించి తీసుకొచ్చింది నేనే మరి.

ఇంట్లో గోవిందు వంట చేసి సిద్ధంగా ఉన్నాడు. సంగతి విని అక్క చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, కమిలిన వేళ్ళ మీద ఊదాడు. వదిన కుడిచేత్తో అన్నం కలపబోయింది. కూర ఎక్కడుందో, కంచం అంచు ఎక్కడుందో వేళ్ళకి తెలియక అన్నం కిందికి జారిపోయింది. ఎడమచేత్తో తినమంటే చీదరించుకుంది. నేనే కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టాను.

"నీ పెళ్ళప్పుడు అప్పగింతల్లో ఇలాగే తినిపించేను. బాకీ తీర్చుకుంటున్నావేటే?" అంది నమలుతూ. తర్వాత, "ఉప్పు తక్కువైంది" అని తమ్ముణ్ణి దెప్పింది. అప్పటికే ఒక ఆవులింత వచ్చింది. గోవిందు చూశాడు, నేనూ చూశాను.

"అక్కా, పాట పాడనా?" అన్నాడు గోవిందు.

"వద్దురా బాబూ, నీ పాటకంటే చెయ్యి పోవడమే నయం" అంది వదిన. నిద్ర మాత్రం కాస్త ఎగిరిపోయింది.

కూర మారు తేవడానికి వంటింట్లోకి వెళ్ళిన గోవిందు అక్కడున్న డబ్బాతో దెబ్బలాడటం మొదలెట్టాడు. ఇంటి సరుకులు కనిపెట్టి ఆర్డరు పెట్టే మాటలడబ్బా అది. "కందిపప్పు నిండుకుందని మూడు రోజుల్నించీ మొత్తుకుంటున్నాను, తెప్పించవేం?"

డబ్బా ఎంతో మర్యాదగా జవాబిచ్చింది. "సంతోషం. కందిపప్పు నిండుగా ఉన్నట్టు నమోదు చేసుకున్నాను."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ డబ్బాలో మాటలు అర్థం చేసుకునే ప్రోగ్రామూ, నా చిన్నింట్లో మాటలు అర్థం చేసుకునే ప్రోగ్రామూ ఒకే కంపెనీవి. మట్టి చేతుల్తో మీటలు నొక్కలేరని, పల్లెటూరి రైతులు నోటితోనే చెప్పుకుంటారని, నేనే ఏరికోరి పెట్టించాను. అయిపోయిందనడానికి నోరు రాక నిండుకుందంటాం. ఫోను పెట్టేస్తూ ఉంటానంటాం. గడప దాటి పోతూ వెళ్ళొస్తానంటాం. చెడుమాట నోటంట రానివ్వకూడదని మన పెద్దలు ఎంతో ముచ్చటగా నేర్పిన అబద్ధాలివి. ఆ కంపెనీవాళ్ళకి నిఘంటువు తెలుసుగానీ మన పెద్దలు తెలియదు.

పరుగెత్తాను. పెద్దింటి దగ్గర చూస్తే అంతా స్పష్టంగానే ఉంది. చిన్నింటి ఆఖరి మాట: వెళ్ళి, తిరిగి వస్తాను. పెద్దింటి జవాబు: అలాగే, మీ జాగా అట్టిపెడతాను. పని మధ్యలో టీకి లేచే మా వాళ్ళ కోసం పెట్టిన సదుపాయం అది, బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టు. మాస్టారు వస్తానన్నారు కదా అని పెద్దిల్లు మా వదిన చెయ్యి ఆయన కోసం దాచి ఉంచింది. నమ్మకస్తురాలు కదా!

"అయితే సుళువే. ఆ జాగా వేసుకున్న మనిషే గ్లౌజు తొడుక్కుని, తన గొంతుతో 'వెళ్ళిపోతున్నాను, మళ్ళీ రాను' అంటే పట్టు వదిలేస్తుంది" అన్నారు డాక్టరు గారు. కంపెనీకి ఫోను చేసి తప్పు సరిదిద్దమంటే ఫిర్యాదు పెట్టండి, వరసలో చూస్తాం అన్నారు. కాబట్టి ఉన్న దారి మాస్టారొక్కరే.

వదిన్ని మళ్ళీ ల్యాబుకి తీసుకొచ్చాం. గోవిందు తడి తువ్వాలు పట్టుకుని వెనకే వచ్చాడు. ఆవిడ తల అప్పటికే తూగుతోంది.

మాస్టారు తెరమీదికొచ్చారు. సంగతంతా విని నొచ్చుకుని, వెంటనే గ్లౌజు తొడుక్కుని, గొంతు సవరించుకున్నారు. నేను ఏమనాలో చెప్పాను. ఆయన నోరు తెరిచారు. కట్టిన అంటు వంక చూశారు, మళ్ళీ నోరు తెరిచారు.

"అమ్మాయీ, వేరే మాటేదైనా అంటే కుదరదా?" అన్నారు చివరికి.

"కుదరదు మాస్టారూ. ఒక్కసారి అనేస్తే చాలు. ఉత్తమాటే కదా."

"ఉత్తమాట కాదమ్మా." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మా కామాక్షి నలభయ్యేళ్ళ కాపురంలో పక్కింటికి వెళ్ళినా వెళ్ళొస్తానండీ అనే మనిషి. కిందటేడు ఆసుపత్రికి ఆటో ఎక్కుతూ మాత్రం 'వెళ్తున్నానండీ' అంది. అదేమిటే అలా అన్నావని నేను అనేలోపే ఆటో కదిలిపోయింది. మరి రాలేదు. ఇవాళ దాని చెట్టుకి మళ్ళీ ప్రాణం పోసుకున్నాం. దాని ముందే నిలబడి మళ్ళీ రానని ఎలా అనను? ఆ తల్లి చెయ్యి కోసం నా ఇల్లు ఇమ్మన్నా ఇస్తాను. ఆ మాట మాత్రం..." మళ్ళీ లేచి నిలబడ్డారు. "ఉండమ్మా, అంటాను. అనాలి కదా." పెదవులు కదిలాయి.

"వద్దండి మేస్టారూ" అంది వదిన. తూగుతున్న మనిషి కళ్ళు పూర్తిగా తెరిచింది. "మీరనకండి. అంటు కట్టిన చెయ్యి నాది. ఆ మాట ఇంటే అది పట్టదు. నా చెయ్యి సంగతి వీళ్ళే చూసుకుంటారు."

డాక్టరు గారు తల పట్టుకున్నారు. గోవిందు నా వంక చూశాడు. మీ సంస్థని నమ్మి అక్కని పంపాను అన్న మాట అతని చూపులోనే ఉంది.

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. పెద్దింటి మీద కోపం. మాస్టారు చెప్పిందాంట్లో తప్పేముంది? మన ఇంటికొచ్చినవాళ్ళు వెళ్ళొస్తామంటే మనం వాళ్ళ కుర్చీ మళ్ళీ వచ్చేదాకా ఖాళీగా అట్టిపెడతామా? మంచిదండి, వెళ్ళిరండి అంటాం. సాగనంపుతాం. సగం మాట వెళ్ళేవాళ్ళది, సగం మాట ఇంటివాళ్ళది. పొద్దున్న మాస్టారు తన సగం చెప్పారు. పెద్దింట్లో రెండో సగం చెప్పేవాళ్ళే లేరు!

"డాక్టరు గారూ, ఇంటి యజమాని సెలవిస్తే పెద్దిల్లు పట్టు వదులుతుందా?"

ఆయన తలెత్తారు. "వదులుతుంది. నియమాల్లో ఉంది. కానీ ఆ చేతికి యజమానిగా ఎవర్నీ రాయలేదు. అవసరం పడలేదు."

"ఆ చేతికి యజమాని ఇదిగో, ఇక్కడే కూర్చుని తూగుతోంది."

పొద్దున్నించీ వదిన మాటలన్నీ తెర మీద మాస్టారికే వినబడ్డాయి. పెద్దింటికి ఒక్క ముక్కా వినబడలేదు. పెద్దింటి లెక్కలో ఆవిడ మనిషి కాదు. నేను కూర్చుని రెండో చిన్నిల్లు రాయడం మొదలుపెట్టాను. గ్లౌజూ లేదు, పెట్టే లేదు. నా పాత ఫోన్లోనే విడిగా నడిచే చిన్న ప్రోగ్రాం. తలుపు తట్టాలి, సత్యవేణి పేరు చెప్పుకోవాలి, ఆవిడ గొంతు లోపలికి మోసుకుపోవాలి. అంతే దాని పని. అయినా అక్షరదోషాలు ఆ రోజే అన్నీ రావాలా?

వెనకాల గోవిందు అక్కని నిద్రపోనివ్వకుండా నానా తంటాలూ పడుతున్నాడు. చిన్నప్పుడు అక్క తనని కొట్టిన సందర్భాలన్నీ వరసగా ఏకరువు పెట్టాడు. "అది నేను కొట్టలేదురా, అమ్మ కొట్టింది" అని ఆవిడ ఉలిక్కిపడి లేచి వాదించడం, వాదన మధ్యలోనే తల వాలిపోవడం, తడి తువ్వాలు పడటం. ఒకసారి గురక కూడా వినబడింది. "నిద్రోలేదు, ఊపిరి పీల్చుకున్నాను" అంది వదిన కళ్ళు మూసుకునే.

రాయడం పూర్తయింది. ప్రోగ్రాం కదిపాను. పెద్దింటి తలుపు తట్టింది. "కుడుపూడి సత్యవేణి" అని చెప్పుకుంది.

ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు, అని వచ్చింది జవాబు.

డాక్టరు గారు వంగి చూశారు. పెద్దింట్లో వదిన పేరు ఎక్కడా రాయలేదు. అక్కడున్నది ఒక్కటే: వనరు, కుడిచెయ్యి.

"ఏటండీ? సత్తేణి అని పిలిస్తే ఊరంతా పలుకుద్ది. మీ ఇంట్లో నేను ఉత్త కుడిచెయ్యినా?" అంది వదిన. నిద్రంతా వదిలిపోయింది ఆవిడకి.

"వనరుగా ఉన్నదాన్ని మనిషిగా చేర్చకూడదని నియమమండీ. ఆ నియమం..." డాక్టరు గారు ఆగిపోయారు. ఆ నియమం ఆయన రాసిందే. కుడిచేత్తో ఎడమ చిటికెన వేలు కాసేపు రాసుకున్నారు. దానికేం తెలిసిందో తెలియదుగానీ, నన్ను పక్కకి జరగమని తనే కీబోర్డు ముందు కూర్చున్నారు. నియమం కొట్టేశారు. "ఇంటిపేరు కుడుపూడే కదమ్మా? హోదా ఏమని రాయను?"

"ఇంటావిడ అని రాయండి" అన్నాను నేను.

అలాగే రాశారు.

ఈసారి పెద్దిల్లు తలుపు తీసింది. నేను ఫోను వదిన నోటి దగ్గర పెట్టి, ఊరెళ్ళిన ఆవిడ చెయ్యి నా చేత్తో పట్టుకున్నాను. తెర మీద మాస్టారు గ్లౌజు తొడుక్కుని ఎప్పట్నించో అలాగే నిలబడి ఉన్నారు. ఎండ వాలిపోయింది. "మాస్టారూ, పొద్దున్న మీరన్న మాటే మళ్ళీ అనండి. ఇంకేం మార్చకండి" అన్నాను.

ఆయన చేతులు జోడించారు. "వెళ్ళొస్తానమ్మా."

వదిన నిటారుగా కూర్చుంది. పైట సర్దుకుంది. "మంచిదండి మేస్టారూ. ఎల్లిరండి" అంది.

నేను ఆవిడ వేళ్ళని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"ఏమే, నీ చెయ్యి మంచుగడ్డలా ఉందేటే? అన్నం తిన్నావా లేదా నువ్వసలు?" అంది వదిన.

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆవిడ మీద పడి ఏడ్చేశాను. పొద్దున్నించీ అందర్నీ దెప్పుతూ, నవ్విస్తూ కూర్చున్న మా వదిన కూడా అప్పుడే ఏడవడం మొదలెట్టింది. కుడిచేత్తో నా మొహం తడిమింది, తమ్ముడి జుట్టు తడిమింది, కమిలిన వేళ్ళు అప్పుడు మంటెక్కితే "అబ్బ, మండుతున్నాయే!" అని పండగలా అరిచింది. డాక్టరు గారు కళ్ళజోడు తుడుచుకునే నెపంతో పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

మాస్టారు తెర మీద ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. మేమెవరం ఆయన్ని చూసుకోలేదు.

"వచ్చిందా అమ్మా చెయ్యి?" అని అడిగారు మెల్లగా.

"వచ్చిందండి! మీ దయవల్ల వచ్చింది."

ఆయన గ్లౌజు విప్పలేదు. "నేను రోజూ ఇంటికి తాళం వేస్తూ వెళ్ళొస్తాననే అంటానమ్మా. అలవాటు. లోపల ఎవరూ లేరని తెలుసు. ఏడాది తర్వాత ఇవాళే, ఎవరో వెళ్ళిరండి అన్నారు" అన్నారు. అని కాస్త సిగ్గుపడి, నేలచూపులు చూశారు.

వదిన చెంగుతో మొహం తుడుచుకుంది. "దాందేవుందండి మేస్టారూ" అంది. "మీరు ఎప్పుడెల్లినా నాకు చెప్పి ఎల్లండి. ఇంటావిణ్ణని రాసేరు కదా ఈళ్ళు."

మర్నాడు పొద్దున్నే ముక్కామల పెట్టె పెద్దింటి తలుపు తట్టింది. నేను కంగారుపడి పరుగెత్తాను. చూస్తే, అంటు పనేమీ లేదు. గ్లౌజు తొడుక్కోలేదు. గొంతొక్కటే వచ్చింది. "అమ్మా, కూరగాయలకి అంబాజీపేట దాకా వెళ్ళొస్తాను."

వదిన బల్ల దగ్గర మొక్క చెక్కుతోంది. తలెత్తలేదు. "మంచిదండి, ఎల్లిరండి" అంది. కిటికీలోంచి గోదావరి వంక ఒకసారి చూసి, "మబ్బట్టింది. గొడుగు పట్టుకెళ్ళండి" అని కేకేసింది.

అవతల తాళం మళ్ళీ తీసిన చప్పుడు, గొడుగు కోసం ఆయన లోపలికి వెళ్ళిన అడుగుల చప్పుడు వినిపించాయి.